కొండవీడులో ముందు చెరువులు చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవుల్లో కొండవీడు వెళ్తామన్నారు, మంచిది. గుంటూరుకు పాతిక కిలోమీటర్లే, కొండ మీదికి ఘాట్ రోడ్డు కూడా ఉంది. ఎక్కగానే రాజుగారి మహలు ఎక్కడని వెతక్కండి. ముందు చెరువుల దగ్గరికి నడవండి.

కొండకోటను ఎక్కి గెలవడం కష్టం. అందుకే శత్రువు కింద దిగి దారులు మూసి కూర్చుంటాడు. పైన ధాన్యం నెలల తరబడి నిలవ ఉంటుంది కానీ బానల్లో నీళ్లు ఎన్నాళ్లొస్తాయి? కోట నిలిచేదీ పడేదీ అక్కడే. కొండవీడు మీద మూడు చెరువులున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. పడిన వానే వీటికి ఆధారం. శిఖరాల మధ్య పల్లం చూసుకుని, నీరు జారిపోయే వైపు కట్ట వేస్తే చుట్టుపక్కల వాలు నీళ్లన్నీ అక్కడే ఆగుతాయి. వాలు మీద చెట్లు పోతే మట్టి కొట్టుకొచ్చి పూడిక పడుతుంది. పూడిక తీయకపోతే వేసవికి ముందే చెరువు అడుగంటుతుంది.

రెడ్డి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని ఇక్కడికి మార్చాడు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే, పెదకోమటి వేమారెడ్డి కొలువులో. తర్వాత కోట ఒడిశా గజపతి రాజుల చేతికి వెళ్లింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచి, గజపతి కుమారుడు వీరభద్రుణ్ణి బందీగా పట్టుకున్నాడు. ఆ తర్వాత గోల్కొండ సుల్తానులు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు.

ఇక గోడలు. నల్లరాయి, సున్నం. రాయికేమీ కాదు, పోయేది సున్నమే. అతుకు వదిలిన చోట పిట్టలు వేసిన రావి గింజ మొలుస్తుంది. వేరు లావెక్కేకొద్దీ రాళ్లు ఎడమవుతాయి. ఆ చెట్టును లాగి పీకితే వేరుతోపాటు గోడా ఊడి వస్తుంది. పైన కొట్టేసి ఊరుకుంటే మళ్లీ చిగురిస్తుంది. వేరును చంపి, ఆ సందును మళ్లీ సున్నంతోనే నింపాలి. సిమెంటు పెడితే లోపలి చెమ్మ బయటికి రాలేక పక్కనున్న పాత సున్నాన్ని తినేస్తుంది. దీనికన్నా పెద్ద చేటు నిధుల కోసం పునాదులు తవ్వేవాళ్లు. అది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

బూట్లు వేసుకోండి, తాగే నీళ్లు మోసుకెళ్లండి. బురుజుల అంచులెక్కొద్దు, కదిలే రాయి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. పొద్దు వాలకముందే దిగిపోండి. సీతాఫలాల కాలమైతే కొండవీడు కాయలు కొనుక్కోండి, రుచికి పేరున్నవి.

చెరువు కట్ట మీద నిలబడి, వాన నీళ్లు ఏయే వైపుల నుంచి దిగుతాయో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య