మొటిమలకు, ఎండ దెబ్బతిన్న చర్మానికి రెటినాయిడ్ పూతమందులు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చర్మవైద్యం చేసే నేను మొటిమలకు ట్రెటినాయిన్ గానీ అడాపలీన్ గానీ రాసిచ్చినప్పుడు తరచూ వినే మాట, "అది ముందే వాడినాను సార్, నాకు పడలేదు" అని. ఎలా వాడారని అడిగితే కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది: పొద్దున, రాత్రి ముఖమంతా దట్టంగా పూసుకోవడం, నాలుగు రోజులకు మంట, వారానికి పొట్టు లేవడం, ఆపైన ట్యూబు అటక ఎక్కడం. విటమిన్ ఏ కోవకు చెందిన ఈ రెటినాయిడ్ మందుల గురించి మన ప్రాంతంలో ఉన్న భయాల్లో చాలావరకు వాడిన తీరు వల్ల పుట్టినవే, మిగిలినవి వేరే మందు చేసిన తప్పు వీటి మీద పడడం వల్ల పుట్టినవి.

అపోహ: పొట్టు లేచిందంటే చర్మం పలచబడిపోతున్నట్టే.

వాస్తవం: మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లో చర్మం పొడిబారడం, కాస్త ఎర్రబడడం, సన్నగా పొట్టు రాలడం ఈ మందుల స్వభావంలోనే ఉంది, చాలామందిలో ఆ తర్వాత అది సర్దుకుంటుంది. చర్మం పైన ఉండే మృతకణాల పొర మొదట్లో కొంత తగ్గే మాట నిజమే గానీ, దాని కింద ఉన్న సజీవమైన పొర మాత్రం నెలల తరబడి వాడకంతో మందమవుతుంది, ఇంకా లోపల చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీ పెరుగుతుంది. చర్మాన్ని నిజంగా పలచబరిచేవి స్టీరాయిడ్ పూతమందులు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన విషయం ఉంది. మెడికల్ షాపుల్లో "తెల్లబడే క్రీము"గా చేతులు మారే కొన్ని ట్యూబుల్లో మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఏదో ఒక స్టీరాయిడ్, ఈ మూడూ కలిసి ఉంటాయి. మంగు మచ్చలకు ఇలాంటి మిశ్రమాన్ని క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికన్ వైద్యులు 1975లో ప్రకటించారు. వైద్యుడి పర్యవేక్షణలో కొద్ది వారాల పాటు వాడితే అది ఈనాటికీ పనికివచ్చే మందే. కానీ పెళ్లి చూపుల ముందు మొదలుపెట్టి ఏళ్ల తరబడి ముఖానికి రాసుకునే క్రీము కాదది. తొలి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది, తర్వాత ఎర్రటి సన్న రక్తనాళాలు బయటపడతాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి, ఒకే తీరున ఉండే చిన్న చిన్న మొటిమలు గుంపుగా లేస్తాయి, మానేస్తే భరించలేని మంట. అప్పుడు ట్యూబు మీద ఉన్న ట్రెటినాయిన్ పేరు చూసి నింద దానికి వేస్తారు. ఈ స్థితిలో వచ్చినవారిని నేను మొదట అడిగేది ఆ ట్యూబునే. దాని మీద మోమెటసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటసోల్ వంటి పేరేదైనా ఉంటే అందులో స్టీరాయిడ్ ఉన్నట్టే. ఇలాంటి స్టీరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. అమ్మకం ఆగిందని మాత్రం నేను చెప్పలేను.

అపోహ: మొటిమ లేచిన చోట చుక్క పెడితే చాలు.

వాస్తవం: మొటిమ కంటికి కనబడడానికి వారాల ముందే రోమకూపం నోటి దగ్గర మృతకణాలు, జిడ్డు కలిసి అతుక్కుని దారి మూసేస్తాయి. రెటినాయిడ్ పనిచేసేది ఆ దశలో, అంటే పైకి మామూలుగా కనబడే చర్మంలోనే. కాబట్టి మొటిమలు వచ్చే ప్రాంతమంతా పూయాలి, కానీ చాలా తక్కువగా. రాత్రి ముఖం మెత్తని క్లెన్సర్‌తో కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగి, శనగగింజంత మందు వేలికొనపై తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పలచగా పరచాలి. ముక్కు పక్కల మడతలు, పెదవుల మూలలు, కంటి రెప్పలు వదిలేయాలి, ముందుగా పుండ్లు పడేవి ఆ చోట్లే. మొదటి రెండు వారాలు మూడు రోజులకొకసారి, తర్వాత రోజు మార్చి రోజు, ఓర్చుకోగలిగితే రోజూ. చర్మం మరీ సున్నితమైతే ముందు మాయిశ్చరైజర్ రాసి దానిపై మందు పూసుకోవచ్చు. 20 గ్రాముల ట్యూబు వారంలో అయిపోయిందని ఎవరైనా చెబితే, పడనిది మందు కాదని నాకు అక్కడే అర్థమవుతుంది. తొలి వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు. ఫలితం తేల్చుకోవడానికి పన్నెండు వారాలైనా ఇవ్వాలి.

అపోహ: మన ఎండల్లో ఈ మందు వాడకూడదు.

వాస్తవం: వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న మన జిల్లాలో ఈ మాట పాటిస్తే ఏడాదిలో ఎవరికీ ఈ మందు రాయలేము. ట్రెటినాయిన్‌ను రాత్రి పూయమనడానికి ఒక కారణం వెలుతురుకు ఆ మందే చెడిపోవడం. అడాపలీన్‌కు ఆ ఇబ్బంది దాదాపు లేదు. మందు వాడే చర్మం ఎండకు త్వరగా కమిలే అవకాశం ఉన్నందున పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ తప్పనిసరి. వేరుశనగ చేలో, కడప బండ గనుల్లో రోజంతా పనిచేసేవారికి సన్‌స్క్రీన్ ఒక్కటే చాలదు. టోపీ, తలగుడ్డ, పైట కొంగు కూడా వైద్యంలో భాగమే. ఏప్రిల్, మే నెలల వడగాలిలో చర్మం ఎండిపోతుంటే పూత వారానికి రెండు మూడు రాత్రులకు తగ్గించవచ్చు, పూర్తిగా మానేయనక్కర్లేదు.

అసలు ఎండ చేసిన నష్టానికే ఇది మందు. మొటిమలకు ట్రెటినాయిన్ పనిచేస్తుందని 1969లో క్లిగ్‌మన్ బృందం చూపింది. దాన్ని వాడిన నడివయసు స్త్రీలు చర్మం నునుపుదేరిందని చెప్పడంతో ఎండ వల్ల వచ్చిన ముడతల మీద పరీక్షలు మొదలై 1986లో ఫలితాలు వెలువడ్డాయి. మనవంటి చామనఛాయ చర్మంలో ఎండ ముందుగా ముడతలు తేదు, కణతల మీద, చెంపల ఎముకల మీద మచ్చలు, ఎగుడుదిగుడు రంగు తెస్తుంది. వీటికి ఆరు నెలల ఓపిక అవసరం. లోతైన ముడతలు పూతమందుతో పోవు.

అపోహ: శాతం ఎక్కువైతే గుణం ఎక్కువ.

వాస్తవం: ఎండ దెబ్బతిన్న ముఖాలపై 0.025, 0.1 శాతం ట్రెటినాయిన్‌లను 48 వారాలు పోల్చి చూసినప్పుడు మేలు ఇంచుమించు సమానంగా, మంట మాత్రం 0.1 శాతంలో ఎక్కువగా కనిపించింది. తక్కువ శాతంతో మొదలుపెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. రెటినాల్ సీరమ్‌ల సంగతంటారా, అవి చర్మంలో రెండు మెట్లు మారితే గానీ పనిచేసే రూపానికి రావు, కాబట్టి బలహీనమైనవి. ధర మాత్రం బలహీనంగా ఉండదు.

అపోహ: పైపూతే కదా, గర్భిణులు వాడినా ఫర్వాలేదు.

వాస్తవం: వాడకూడదు. ఇదే కుటుంబానికి చెందిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపాలు కలిగిస్తాయి. పైపూత నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పమే అయినా, అవసరం లేని ప్రమాదం ఎందుకని బిడ్డ కోసం అనుకున్నప్పుడే మానేయమని చెబుతాము. ఆ కాలంలో మొటిమలకు అజెలాయిక్ యాసిడ్ వంటివి ఉన్నాయి. గర్భమని తెలియక తొలి వారాల్లో పూసుకున్నవారు మాత్రం బెంబేలెత్తి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, పూత ఆపి ప్రసూతి వైద్యురాలికి ఆ ట్యూబు చూపిస్తే చాలు.