ఆక్యుపంక్చర్‌కి కొత్తగా వస్తున్నారా? అపోహలు, వాస్తవాలు

కోనసీమలో ఆక్యుపంక్చర్ సూదులు వేసే నా దగ్గరకు వచ్చేవాళ్లలో నొప్పులవాళ్లే ఎక్కువ. వరి నాట్లతో, కలుపు తీతలతో నడుము పట్టేసిన ఆడవాళ్లు, నరసాపురం వైపు లేసు అల్లి అల్లి మెడ బిగుసుకుపోయినవాళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు. ఎవరో ఒకరు చెప్పిన మాట పట్టుకుని వస్తారు. కొందరు భయంతో, కొందరు మరీ ఎక్కువ ఆశతో. నన్నడిగితే భయం కన్నా ఆ ఆశే ప్రమాదం.

అపోహ: "సూదులు కదండీ, నొప్పెట్టి చస్తాం!"

ఇంజెక్షన్ సూది మందు పోవడానికి బోలుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూది బోలు లేని సన్నటి స్టీలు తీగ, మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇంజెక్షన్ సూది సాధారణంగా దానికి రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉంటుంది. మేం మందేమీ ఎక్కించం. చర్మం దాటేటప్పుడు చిన్న చురుకు, ఆ తర్వాత లోపల బరువుగా లాగినట్టు, తిమ్మిరిగా ఉంటుంది. చైనా వైద్యంలో దీన్ని 'ద చీ' అంటారు, అది మామూలే. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే మాత్రం వెంటనే చెప్పండి, నరానికి తగిలి ఉండొచ్చు. డాక్టరు గారు ఏమనుకుంటారోనని పళ్లు బిగబట్టుకుని పడుకునేవాళ్లు మన వైపు చాలామంది. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు.

సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, వాడాక పారేయాలి. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడతామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి స్పిరిట్ తుడుపుతో పోయేది కాదు.

అపోహ: "పక్షవాతం వచ్చిన వెంటనే సూదులు వేయిస్తే లేచి నడుస్తారంట"

ఈ ఒక్క మాట వల్ల జరిగే నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా జరగదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. అది ఇచ్చే ముందు మెదడులో రక్తస్రావం లేదని స్కానింగ్‌లో చూసుకోవాలి. మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేసి స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. లంక గ్రామాల నుంచి పంటు మీద గోదావరి దాటి రావాల్సినవాళ్లకు దారిలోనే బోలెడు సమయం పోతుంది. మధ్యలో నా దగ్గరా, పసరు మందు దగ్గరా ఆగితే ఆ గంటలు తిరిగి రావు.

ఆసుపత్రి నుంచి వచ్చాక, ఫిజియోథెరపీ నడుస్తుండగా, భుజం నొప్పికో బిగుతుకో సూదులు వేయించుకుంటానంటే మీ డాక్టరుకి చెప్పి రండి. చచ్చుపడిన చేయి సూదులతో లేస్తుందని మాత్రం నేను మాటివ్వను.

అపోహ: "సూదులు మొదలెడితే ఇంగ్లీషు మందులు ఆపేయాలి"

ఇలా చెప్పేవాళ్లు మా రంగంలోనే ఉన్నారు, అది నాకు సిగ్గుగానే ఉంటుంది. ఇన్సులిన్ తప్ప దారి లేని చిన్నపిల్లలకు అది ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. బీపీ బిళ్ల, థైరాయిడ్ బిళ్ల, ఫిట్స్ మందు, దేన్నైనా తగ్గించాలన్నా ఆపాలన్నా అది రాసిన డాక్టరే చెప్పాలి. షుగరు తగ్గించడానికి ఆక్యుపంక్చర్‌ని నమ్ముకోకండి.

అపోహ: "చైనాలో మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్లు చేస్తారు"

ఈ కథ మూలం ఎక్కువగా 1971 నాటిది. అమెరికా విలేకరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కి మామూలు మత్తు ఇంజెక్షనే ఇచ్చారు. తర్వాత కడుపు ఉబ్బరంతో ఇబ్బంది పడుతుంటే సూదులు వేశారు, కాస్త తేలికపడింది. ఆయన తన పత్రికలో రాసింది కూడా ఇదే. చెవులు మారేసరికి సూదులతోనే ఆపరేషన్ చేశారన్న కథ తయారైంది.

మరి అసలు పనిచేస్తుందా?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. జర్మనీలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 1162 మందిపై చేసిన పరిశోధన 2007లో వచ్చింది. సూది గుచ్చాలని మా వైద్యం చెప్పే చోట్లలో, అంటే అసలు పాయింట్లలో, సూదులు వేసినవాళ్లలో సుమారు 48 శాతం మందికి మేలు కనిపించింది. పాయింట్లు కాని చోట పైపైన గుచ్చినవాళ్లలో 44 శాతం మందికి, మామూలు చికిత్స పొందినవాళ్లలో 27 శాతం మందికి. మామూలు చికిత్స కన్నా సూదులే మెరుగు, నిజమే. కానీ ఫలానా పాయింటులోనే పడాలన్న మా పట్టుదలకు ఆ లెక్కల్లో పెద్ద బలం లేదు. ఇది మా వాళ్లకు నచ్చదు, అయినా దాచాల్సిన పని లేదు.

బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2016లో నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దంది. 2021లో, వేరే కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ఇవ్వొచ్చంది. మైగ్రేన్ రాకుండా చూడటానికి 5 నుంచి 8 వారాల్లో 10 సార్ల వరకు అని 2012లోనే చెప్పింది. కీమోథెరపీ వాంతులకు, ఆపరేషన్ తర్వాతి వికారానికి మణికట్టు పైన మూడు వేళ్ల దూరంలో ఉండే పాయింటుపై చాలా పరిశోధనే జరిగింది.

పాయింట్లను కలిపే దారులను మెరిడియన్లు అంటారు. మా దగ్గర వాటిని పంట కాలువలతో, లాకులతో పోల్చి చెప్పేవాళ్లున్నారు. డెల్టాలో పుట్టినవాళ్లకు చటుక్కున అర్థమవుతుంది గానీ, ఒళ్లు కోసి చూస్తే అలాంటి కాలువ ఎక్కడా కనిపించదు. అవి పాతకాలం వైద్యులు గీసుకున్న పటం. ఎక్కడ గుచ్చాలో గుర్తుపెట్టుకోవడానికి నేనూ వాడతాను.

అపోహ: "చైనా మందులు ఆకులు, వేర్లే కదా, ఏం చేస్తాయి?"

సూదులు, మూలికలు రెండూ చైనా వైద్యంలో భాగాలే, కానీ ఒకటి కావాలంటే రెండోదీ తీసుకోవాలని లేదు. నేను మూలికలు ఇవ్వను.

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లు చాలామందికి కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు అరిస్టలోకియా అనే మొక్క అందులో కలిసింది. మన పొలాల గట్ల మీద పాము కాటుకని వాడే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే, అదే విషం అందులోనూ ఉంది. పాము కరిస్తే యాంటీవీనం ఉన్న ఆసుపత్రే, ఇంకో మాట లేదు.

ఇంకో పక్క మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ చైనా మూలిక నుంచే వచ్చింది. దాన్ని కనిపెట్టిన తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథం ఆమెకు దారి చూపింది, ఆ మొక్కలోంచి మందును విడదీసి పరీక్షించాకే లోకం నమ్మింది. వినాయక చవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రి ఆ కుటుంబానిదే. అయినా అది వేరే మొక్క, జ్వరానికి కషాయం కాచుకోకండి. చైనావాళ్లు చర్మానికి దగ్గరగా వేడి పట్టే 'మోక్సా'ని మాచిపత్రి లాంటి ఆకుతోనే చేస్తారు. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరువాళ్లకు దాంతో తెలియకుండానే కాలుతుంది. ఎగ్జిబిషన్లలో అమ్మే ముళ్ల ఆక్యుప్రెషర్ చెప్పులు కూడా వాళ్లకు పనికిరావు. పుండు పడినా తెలియదు, త్వరగా మానదు.

ముందే చెప్పాల్సినవి

బోదకాలు ఉంటే వాచిన కాలికి సూది వేయించుకోకండి, ఇన్ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానమున్నా ముందే చెప్పండి.

కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో ఆక్యుపంక్చర్‌ని చికిత్సా విధానంగా అనుమతించింది, రిజిస్టర్డ్ డాక్టర్లో తగిన శిక్షణ పొందినవాళ్లో చేయొచ్చని. గోడ మీద సర్టిఫికెట్ ఉందా అని కాకుండా ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారో అడగండి. అడిగితే కోపగించుకునేవాళ్ల దగ్గర మీకేం పని?

మొదటిరోజు ఖాళీ కడుపుతో రాకండి, కళ్లు తిరుగుతాయి. ఇడ్లీయో పెసరట్టో తిని, మోకాలి పైదాకా మడవగలిగే బట్టలు వేసుకుని, వాడుతున్న బిళ్లలన్నీ సంచిలో వేసుకుని రండి. సూదులు ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతాం. ఐదారుసార్లకు ఏ మార్పూ లేకపోతే ఆపేద్దామని నేనే చెబుతాను. ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి.

సూది తీసిన చోట కొద్దిగా కమిలితే భయం లేదు. మెడ కింద, వీపు పైన, ఛాతీ మీద సూదులు వేయించుకున్న రోజో మర్నాడో ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఒక పక్క పొడిచినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. చాలా అరుదే గానీ ఊపిరితిత్తికి సూది తగిలి గాలి బయటకు చేరొచ్చు. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, సూదులు వేయించుకున్నానని చెప్పి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.