టోర్నమెంట్ మోడ్ ఎందుకు రాలేదు: 2018 జులైలో పడ్డ ఒక వాయిదా

అనంతపురం, కర్నూలు, కడప ఇంజనీరింగ్ హాస్టళ్లలో బ్లిజార్డ్ కంపెనీ చేసిన ఆన్‌లైన్ కార్డుల ఆట హార్త్‌స్టోన్ ఆడే కుర్రాళ్ల మధ్య పాత ప్రశ్న మళ్లీ మొదలైంది. గేము లోపలే టోర్నీ పెట్టుకునే మోడ్ ఇస్తామన్నారు కదా, అదేమైంది? ఈసారి దాన్ని రాజేసింది కొత్త కార్డుల సెట్ కాదు, చట్టం. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. పెద్ద రమ్మీ యాప్‌లు డబ్బు టేబుళ్లు మూసేశాయి. మన రాష్ట్రంలో రమ్మీకి 2020 సెప్టెంబరులోనే తలుపులు పడ్డాయి కాబట్టి ఆ వార్త ఇక్కడ పెద్దగా కదిలించలేదు. కదిలించింది వేరే సంగతి. తలా యాభై రూపాయలు వేసుకుని, పోగైనది గెలిచినవాడి చేతిలో పెట్టే చిన్న టోర్నీల మీద కూడా ఇప్పుడు అనుమానం పడింది.

ఆ అనుమానానికి కారణం ఉంది. ఆటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అని కొత్త చట్టం చూడదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్ కాకపోతే, ఫీజు కట్టి, గెలిస్తే డబ్బొస్తుందన్న ఆశతో ఆడితే అది డబ్బు ఆటే. ఆ చట్టంలో శిక్ష ఆడినవాళ్లకు కాదు, ఆడించినవాళ్లకు: మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. హాస్టల్ గదిలో కూర్చుని ఎనిమిది మంది చేత ఆడించే రెండో ఏడాది కుర్రాడు తాను ఏ గీతకు ఇవతల ఉన్నాడో తేల్చుకోలేడు. గేములోనే ఫీజు లేని టోర్నమెంట్ ఉండి, గెలిచినవాళ్లకు కార్డు ప్యాకులు గానీ, కార్డు వెనక డిజైన్లు గానీ గేమే ఇస్తుంటే ఈ భయం ఉండేది కాదు. దానికి దగ్గరగా ఉండే మాట కంపెనీయే ఒకప్పుడు ఇచ్చింది.

హార్త్‌స్టోన్ ఎలా పుట్టింది, ఎలా ఎదిగింది అన్నది ఆడేవాళ్లకు చెప్పక్కర్లేదు. నేరుగా 2018కి వెళ్దాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో గేము డైరెక్టర్ బెన్ బ్రోడ్ కొత్త సీజన్ గురించి చెబుతూ, ఏడాది మధ్యకల్లా గేము లోపలే టోర్నమెంట్లు వస్తాయని ప్రకటించారు. ఏప్రిల్‌లో ఆయన బ్లిజార్డ్ వదిలి వెళ్లిపోయారు. జులైలో, ‘బూమ్స్‌డే ప్రాజెక్ట్’ కార్డులు విడుదల కావడానికి కొద్ది రోజుల ముందు, ఆ మోడ్‌ను పక్కన పెడుతున్నామని కంపెనీ చెప్పింది. మళ్లీ ఎప్పుడన్న తేదీ ఇవ్వలేదు. ఇప్పటి అసంతృప్తికంతటికీ వేరు ఆ జులైలోనే ఉంది.

కంపెనీ వాదన చిన్నదే, దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తయారైన రూపం తాము అనుకున్న స్థాయికి రాలేదని, అది కొద్ది మంది ఆటగాళ్ల అవసరాలకే సరిపోయేలా ఉందని, ఆటలోని మిగతా భాగాలతో సరిగ్గా అతకలేదని వాళ్ల వివరణ. సగం ఉడికిన ఫీచర్ ఇవ్వడం కంటే ఆపడమే మేలన్న మాటలో న్యాయం లేకపోలేదు.

అయితే ఆ ‘కొద్ది మంది’ అన్న లెక్క దగ్గరే తప్పు జరిగింది. బోరు వేయకముందే ఊళ్లో నీళ్లు తోడుకునేవాళ్లు తక్కువని తేల్చినట్టుంది అది. టోర్నీ పెట్టేవాళ్లు తక్కువగా కనిపించింది కోరిక లేక కాదు, పెట్టడం అంత కష్టం కాబట్టి. ఆ కష్టం ఏ పాటిదో ఒక్క రాత్రి దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఎనిమిది మందితో నాకౌట్ అనుకుందాం. మూడు రౌండ్లు, ఏడు మ్యాచ్‌లు. కాంక్వెస్ట్ అనే పద్ధతిలో ఒక్కొక్కరు నాలుగు తరగతుల (ఆటలోని పాత్రల రకాల) నుంచి నాలుగు డెక్‌లు, అంటే ముందే పేర్చుకున్న కార్డుల కట్టలు, తెస్తారు. ఎదుటివాడు ఒకదాన్ని నిషేధిస్తాడు. మిగిలిన మూడింటితోనూ ఒక్కోసారి గెలిచినవాడిదే మ్యాచ్. గెలిచిన డెక్‌ను మళ్లీ వాడకూడదు. ఈ నిబంధనల్లో ఒక్కటి కూడా గేముకు తెలియదు. ‘స్నేహితుడిని సవాలు చెయ్యి’ నొక్కితే డెక్ ఎంచుకోమంటుంది, అంతే. నిషేధించిన డెక్ తీసినా ఆపదు, ఇందాక గెలిచిన డెక్‌నే మళ్లీ తీసినా ఆపదు.

అందుకని నిర్వాహకుడు ముందురోజే ముప్పై రెండు డెక్ కోడ్‌లు వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. 2017 చివర్లో వచ్చిన ఈ కాపీ-పేస్ట్ కోడ్ ఫీచర్ నిజంగా మేలు చేసింది. అంతకుముందు ఒక్కో కార్డూ చూసి రాసుకోవాల్సి వచ్చేది. కోడ్ తీసుకున్నంత మాత్రాన పని తీరదు. ఎదుటివాడి జాబితా చూశాక ఎవడైనా రెండు కార్డులు మార్చి ఆడితే పట్టుకునే దారి లేదు. గెలుపు తెర స్క్రీన్‌షాట్‌లో డెక్‌లోని 30 కార్డులు కనిపించవు. గేములో రీప్లే లేదు. ఖాయంగా చూడాలంటే నిర్వాహకుడు ఇద్దరికీ స్నేహితుడై, ఇద్దరి అనుమతితో రెండు వైపులా ప్రేక్షకుడిగా కూర్చోవాలి. ఒకేసారి నాలుగు మ్యాచ్‌లు నడిచే మొదటి రౌండ్‌లో అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఇక రీజియన్ తంటా. అమెరికా, యూరప్, ఆసియా అని ఖాతాలో మూడు రీజియన్లు ఉంటాయి, ఒక దాంట్లో సంపాదించిన కార్డులు ఇంకో దాంట్లోకి రావు. బ్యాటిల్‌ట్యాగ్ (ఆటగాడి ఖాతా పేరు)తో ఎవరినైనా స్నేహితుడిగా చేర్చుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. మ్యాచ్ ఆడాలంటే మాత్రం ఇద్దరూ ఒకే రీజియన్‌లో ఉండాలి. పక్క పక్క మంచాల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడు రెండేళ్ల కిందట తోచినట్టు యూరప్ ఎంచుకుని ఉంటాడు, ఇంకొకడు ఆసియా. ‘రిక్వెస్ట్ యాడికి పోయిందన్నా, నాకు రాలేదే’ అన్న మాటతో మొదలైన మ్యాచ్ చాలాసార్లు ఆ రాత్రి జరగనే జరగదు. యూరప్‌లో నాలుగు మంచి డెక్‌లున్నవాడు ఆసియాకు మారితే చేతిలో ఉండేది ఉచితంగా వచ్చే కార్డులే.

సమయం లెక్క వేరే. ఒక్కో టర్న్‌కు 75 సెకన్లు. ఇద్దరూ చెరో పది టర్న్‌లు పూర్తి సమయం వాడుకుంటే ఒక గేము 25 నిమిషాలు. ఐదు గేముల దాకా వెళ్లిన మ్యాచ్ రెండు గంటలు దాటుతుంది. మధ్యలో హాస్టల్ వైఫై పోతే యాప్ మళ్లీ తెరిచి ఆటలోకి రావచ్చు గానీ, పోయిన టర్న్ పోయినట్టే. ఒక టర్న్ మొత్తం కదలకుండా ఉంటే తర్వాతి టర్న్ సమయం కూడా బాగా కోసుకుపోతుంది. కరెంటు పోయి ఓడినవాడు మళ్లీ ఆడిద్దామంటాడు, గెలిచినవాడు ఒప్పుకోడు. నిర్వాహకుడి చేతిలో ఏ ఆధారమూ ఉండదు. స్నేహాలు చెడేది ఇక్కడే.

2018 ఫిబ్రవరిలో ఇచ్చిన మాట నిలబడి ఉంటే జతలు కలపడం, డెక్‌లు సరిచూడడం, ఫలితం రాసుకోవడం గేము పని అయ్యేది. మోడ్ ఆగిపోవడం వల్ల కంపెనీ సొంత పోటీలకు కూడా ఇదే గతి పట్టింది. 2019లో మాస్టర్స్ టూర్ మొదలైంది. లాస్ వేగాస్, సియోల్, బుకారెస్ట్‌లలో పెద్ద పోటీలు జరిగాయి. వాటికి అర్హత సాధించే ఆన్‌లైన్ పోటీలను నడిపింది గేము కాదు, బ్యాటిల్‌ఫై అనే బయటి సైటు. ఆటగాళ్లు అక్కడ జత చూసుకోవాలి, బ్యాటిల్‌ట్యాగ్ కాపీ చేసుకుని గేములోకి వచ్చి స్నేహితుడిగా చేర్చుకోవాలి, ఆడాలి, మళ్లీ సైటుకు వెళ్లి ఫలితం తామే నమోదు చేయాలి. ప్రపంచ స్థాయి పోటీ మొదటి మెట్టు కూడా హాస్టల్ టోర్నీలాగే నడిచిందంటే, ఆ మోడ్ కొద్ది మందికే అవసరమన్న మాట ఎంతవరకు నిలుస్తుంది?

వాయిదా ప్రకటన వచ్చిన కొద్ది వారాలకే, 2018 ఆగస్టు-సెప్టెంబరు జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా ఆడించారు. అందులో హార్త్‌స్టోన్‌లో భారత్‌కు కాంస్యం వచ్చింది. తెచ్చింది గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా. ప్రదర్శన క్రీడ కాబట్టి అధికారిక పతకాల పట్టికలో అది లేదు. అయినా మన జిల్లాల కుర్రాళ్లకు ఆ పేరు చాలా దగ్గరగా అనిపించింది. భుజ్ కూడా అనంతపురంలాగే వాన కోసం ఆకాశం చూసే ఊరు, మహానగరం కాదు. అలాంటి ఊరి నుంచి ఒకడు అక్కడిదాకా వెళ్లగలిగినప్పుడు, ఇంకో పది మందికి మెట్లు కట్టాల్సిన సమయమది. మెట్లంటే చిన్న టోర్నీలే. సరిగ్గా ఆ ఏడాదే ఆ పని ఆగిపోయింది. ఆ తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పతకాంశాల్లో హార్త్‌స్టోన్‌కు చోటు దక్కింది గానీ, చైనాలో బ్లిజార్డ్ ఒప్పందం ముగిసి 2023 జనవరిలో అక్కడి సర్వర్లు మూతపడ్డాక దాన్ని జాబితా నుంచి తీసేశారు.

టోర్నమెంట్ మోడ్‌కు మనుషులు, సమయం లేవన్న వాదన కూడా వినిపిస్తుంటుంది. కానీ అదే ఆటలో 2020లో డ్యుయెల్స్ అనే మోడ్ వచ్చింది, 2024 ఏప్రిల్‌లో తీసేశారు. 2021 మార్చిలో పాత కార్డులతో క్లాసిక్ ఫార్మాట్ వచ్చింది, 2023లో ట్విస్ట్ అనే ఇంకో ఫార్మాట్‌కు చోటిచ్చి వెళ్లిపోయింది. 2021 అక్టోబరులో మెర్సెనరీస్ అనే పెద్ద మోడ్ విడుదల చేశారు, 2023 ఫిబ్రవరికల్లా దానికి కొత్త కంటెంట్ ఇక రాదని చెప్పేశారు. కట్టినవి, కూల్చినవి ఇన్ని ఉన్నప్పుడు మనుషులు లేరంటే ఆటగాళ్లు ఒప్పుకోవడం కష్టం. ఏది ముందు, ఏది వెనక అన్న ఎంపికే జరిగిందనిపిస్తుంది.

ఒత్తిడికి కంపెనీ వంగిన సందర్భం లేకపోలేదు. చాలాకాలం డెక్‌లు దాచుకునే స్లాట్లు తొమ్మిదే ఉండేవి. పెంచితే కొత్తవాళ్లు తికమకపడతారని చెబుతూ వచ్చారు. 2016లో వాటిని 18 చేశారు. ఎవరూ తికమకపడలేదు. అడుగుతూ ఉంటే వస్తుందన్న నమ్మకం ఆటగాళ్లలో మిగిలింది ఆ అనుభవంతోనే.

బ్రోడ్ తర్వాతి దారి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన మరికొందరితో కలిసి పెట్టిన సెకండ్ డిన్నర్ సంస్థ 2022 అక్టోబరు 18న మార్వెల్ స్నాప్ అనే కార్డుల ఆట విడుదల చేసింది. స్నేహితుడితో ఆడే వీలు అందులోనూ మొదట లేదు. తేడా ఏమిటంటే, ఏది తయారవుతోంది, ఏది ఇంకా ఆలోచనలో ఉందో చెప్పే జాబితాను వాళ్లు అందరికీ చూపించారు. 2023 జనవరి చివర్లో బ్యాటిల్ మోడ్ వచ్చింది. ఒకరు కోడ్ పంపితే ఇంకొకరు చేరతారు, ఇద్దరికీ చెరో పది పాయింట్ల ప్రాణం, ముందు సున్నాకు చేరినవాడు ఓడినట్టు. అదే ఆటలో అలయన్స్‌ల (ఆటగాళ్ల జట్ల) కోసం 2024 జులై దాకా ఆగాల్సి వచ్చినా కోపం ఇంత ముదరలేదు. ఆలస్యాన్ని ఆటగాడు ఓర్చుకుంటాడు. మాట ఇచ్చి, మళ్లీ దాని ఊసే ఎత్తకపోతే ఓర్చుకోలేడు.

ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్లు అడుగుతున్నది 2018లో చెప్పిన మోడ్ మొత్తం కాదు. స్నేహితుల మ్యాచ్‌లో ఇచ్చిన నాలుగు డెక్‌లు మారకుండా తాళం వేయడం, నిషేధం, గెలిచిన డెక్ పక్కకు పోవడం గేమే చూసుకోవడం, మ్యాచ్ అయ్యాక ఇద్దరి ఖాతాల్లోనూ ఫలితం నమోదు కావడం. ఇవి మూడే. ఇవి వచ్చేదాకా టోర్నీ పెట్టేవాళ్లు ఫీజు తీసుకోకుండా, బహుమతి ఏదైనా ఉంటే బయటివాళ్ల చేత ఇప్పించడం మంచిది. పేర్లు తీసుకునేటప్పుడే బ్యాటిల్‌ట్యాగ్ పక్కన రీజియన్ రాయించుకోవాలి. ప్యాచ్ వచ్చే రోజు, ఆ మర్నాడు టోర్నీ పెట్టకూడదు, అప్‌డేట్ దిగనివాడు లాగిన్ కాలేడు. కొత్త ఏడాది కార్డులు మారే వసంతంలో పాత స్టాండర్డ్ (ఇటీవలి కార్డులతో ఆడే ఫార్మాట్) కోడ్‌లు చెల్లవు, మళ్లీ తెప్పించుకోవాలి. నెట్ పోతే ఏం చేయాలన్నది మొదటి మ్యాచ్‌కు ముందే రాసి గ్రూపులో పెట్టి, ఎనిమిది మంది చేత సరే అనిపించుకోవాలి.