నట్టు ఎందుకు ఊడుతుంది?

బెంగళూరులో హెబ్బాళ దాటి యలహంక వైపు వెళ్తుంటే దారిలో జక్కూరు ఫ్లైయింగ్ స్కూలు తగులుతుంది. మొన్న అటు వెళ్తుంటే చిన్న విమానం ఒకటి మా నెత్తి మీదుగా దిగింది. వెనక సీట్లో ఉన్న మా పక్కింటి నెల్లూరు వాళ్ళ అబ్బాయి, "అంకుల్, నాన్న స్కూటీ నంబర్ ప్లేటు నట్టు ఎన్నిసార్లు బిగించినా ఊడిపోతుంది. మరి విమానం నట్లు ఊడవా?" అన్నాడు.

ఊడతాయి. 2011 సెప్టెంబరు 16న అమెరికాలోని రీనో ఎయిర్ రేసుల్లో 'గ్యాలపింగ్ ఘోస్ట్' అనే ఒంటి సీటు పీ-51 మస్టాంగ్ విమానం ప్రేక్షకుల దగ్గర కూలింది. పైలట్‌తో కలిపి 11 మంది పోయారు. తోకలోని ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలకను పట్టి ఉంచే లాక్‌నట్ల (అదురుకు ఊడకుండా లోపల పట్టుండే నట్లు) లోపలి భాగం పాతబడి పట్టు తప్పిందని, దాంతో స్క్రూలు వదులయ్యాయని దర్యాప్తులో తేలింది. ఆ వేగంలో పలక గాలికి జెండాలా కొట్టుకుంది.

విమానం ఎలా ఎగురుతుందనేది ఇంకెక్కడైనా చదువుకోండి. నా మనసు నట్టు మీదే ఉంది.

బోల్టు మీద మర అంటే కడ్డీకి చుట్టిన వాలు, తిరుమల ఘాట్ రోడ్డు లాంటిది. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టుకు చుట్టుకో మిల్లీమీటరు ఎక్కుతుంది. లెక్క కడితే వాలు 3 డిగ్రీల పైచిలుకు. ఉక్కు మీద ఉక్కుకు ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే 8 డిగ్రీల వాలు దాకా ఏదీ జారకూడదు. అంటే నట్టు తనంతట తాను దిగిరాకూడదు. కానీ వస్తుంది!

అట్టను ఒక పక్క కాస్త ఎత్తి మీద అగ్గిపెట్టె పెట్టండి. జారదు. ఇప్పుడు దాన్ని కిందికి కాకుండా అడ్డంగా వేలితో నెట్టండి. అడ్డంగా పోతూనే కిందికీ దిగుతుంది. ఘర్షణ కదలికకు ఎదురు నిలబడుతుంది. కదలిక అడ్డంగా ఉంటే దాని బలం దాదాపు అంతా అటే పోతుంది, వాలు వైపు కాపలా ఉండదు. వేలికి బిగుసుకున్న ఉంగరం తిప్పుతూ లాగితే వచ్చేదీ ఇందుకే. బోల్టును అడ్డంగా కుదిపే అదురే నట్టును ఎక్కువగా విప్పుతుందని 1969లో యుంకర్ అనే ఇంజనీరు ప్రయోగాలతో చూపించాడు. కుదుపుకో వెంట్రుకవాసి దిగినా చాలు, ఇంజను ఎన్ని వేలసార్లు అదురుతుందో చూడండి.

మన మెకానిక్‌లకు నట్టు కింద వేసే స్ప్రింగ్ వాషరంటే తాయెత్తంత నమ్మకం. బిగించాక అది చదునైపోయి మామూలు వాషరే అవుతుంది, లాకు చేయడానికి పనికిరాదని నాసా 1990 నాటి చేతిపుస్తకం తేల్చేసింది. ఆయుధపూజ నాడు షెడ్డులో గుమ్మడికాయ కొట్టడం మీద మాత్రం నాకే ఫిర్యాదూ లేదు. కొన్నిచోట్ల పానాలన్నీ బయటికి తీసి తుడిచేది ఆ ఒక్కరోజే.

నైలాక్ నట్టు అనే లాక్‌నట్టులో నైలాన్ రింగు మరను గట్టిగా కరుచుకుంటుంది. విప్పి బిగించిన ప్రతిసారీ ఆ రింగు అరుగుతుంది. అందుకే లాకు భాగం కూడా వేళ్ళతోనే తిరిగిపోతే, ఆ నట్టును విమానంలో మళ్ళీ వాడరు. విమానం కంట్రోళ్ళలో కదిలే కీళ్ళ దగ్గర అదీ చాలదు, నట్టు తిరగకుండా బోల్టుకు బెజ్జం వేసి స్ప్లిట్ పిన్ను దూర్చాలి. 2000 ఫిబ్రవరిలో శాక్రమెంటో దగ్గర కూలిన డీసీ-8 సరుకు విమానంలో తోక దగ్గర సరిగా బిగించని ఒక్క బోల్టు ఊడింది. ముగ్గురు సిబ్బందీ పోయారు.

ఇంటికొచ్చి స్కూటీ నంబర్ ప్లేటు చూశాం. నైలాక్ నట్టే, అబ్బాయి వేళ్ళతోనే గిర్రున తిప్పేశాడు. కొత్తది కొంటే షాపతను స్ప్రింగ్ వాషరు కూడా ఊరికే ఇచ్చాడు. వద్దనలేకపోయాను.