వేడి కీమో: పొట్ట తెరిచి చేయాలా, మూసి చేయాలా? అపోహలు - వాస్తవాలు

నేను ఉదర క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే వైద్యుణ్ని. గడ్డలు తీసేశాక, అదే ఆపరేషన్‌లో వేడి చేసిన కీమో మందును పొట్ట లోపల తిప్పే చికిత్సను హైపెక్ అంటాం. ఈమధ్య ఆపరేషన్ గురించి మాట్లాడటానికి వచ్చే కుటుంబాలు చాలా చదువుకుని వస్తున్నాయి. అది మంచిదే. కానీ "హైపెక్ మీరు పొట్ట తెరిచి ఉంచి చేస్తారా, మూసి చేస్తారా?" అన్న దగ్గరే మాటంతా ఆగిపోతే, అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న అడగకుండానే వెళ్లిపోతారేమోనని నా భయం.

అపోహ: మరిగే మందుతో గడ్డలను కాల్చేస్తారు.

వాస్తవం: పొట్టలో తిరిగే మందు వేడి సాధారణంగా 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్. స్నానానికి తోడుకునే వేడినీళ్లపాటిదే. ఆ వేడికి క్యాన్సర్ కణాలు బలహీనపడతాయి, సిస్‌ప్లాటిన్, మైటోమైసిన్ వంటి మందులు మరింత గట్టిగా పనిచేస్తాయి. పంపు సాయంతో ఆ ద్రవాన్ని 30 నుంచి 90 నిమిషాల పాటు తిప్పుతారు.

అపోహ: తెరిచి చేయడం పాతకాలపు పద్ధతి, మూసి చేయడమే మేలైనది.

వాస్తవం: తెరిచిన పద్ధతిలో కోత అంచులను పైనున్న చట్రానికి ఎత్తి కుడతాం. పొట్ట ఒక తొట్టిలా తయారవుతుంది. పైన ప్లాస్టిక్ పొర కప్పి, దాని సందులోంచి చేయి పెట్టి పేగులను కదుపుతూనే ఉంటాం. వాషింగ్టన్‌కు చెందిన పాల్ షుగర్‌బేకర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతికి కొలీజియం అని పేరు. ప్రతి మూలకూ, ప్రతి మడతకూ మందు అందేలా చూసుకోవడం ఇందులో సులభం. అయితే వేడి పైకి పోతుంది కాబట్టి లోపలికి పంపే ద్రవాన్ని ఇంకా వేడిగా పంపాలి.

మూసిన పద్ధతిలో గొట్టాలు, ఉష్ణోగ్రత కొలిచే తీగలు అమర్చి చర్మం కుట్టేస్తాం. వేడి నిలుస్తుంది. లోపలి ఒత్తిడి కాస్త పెరుగుతుంది, దానివల్ల కణజాలం మందును ఎక్కువగా పీల్చుకుంటుందని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచించాయి. లోపం కూడా ఉంది. ద్రవం తనకు సులువైన దారి వెతుక్కుంటుంది. నీలిరంగు కలిపి పరీక్షించినప్పుడు కొన్ని చోట్లకు రంగు సరిగా అందలేదని తేలింది. అందుకే పొట్టను బయటి నుంచి కుదుపుతాం, బల్లను అటూ ఇటూ వంచుతాం. మూసిన పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి ద్రవాన్ని కలియబెట్టే పద్ధతి కూడా ఉంది.

ఇప్పటిదాకా జరిగిన పోలికల్లో ఆయుష్షు విషయంలో ఏదీ స్పష్టంగా గెలవలేదు. నేను ఎక్కువగా మూసిన పద్ధతే వాడతాను, మా బృందానికి చేయి తిరిగింది అందులోనే కాబట్టి. తెరిచి చేసే బృందం దగ్గరికి నా బంధువులనైనా నిశ్చింతగా పంపుతాను.

అపోహ: తెరిచి చేస్తే ఆపరేషన్ గదిలో ఉన్నవాళ్లందరూ మందు ఆవిరి పీలుస్తారు.

వాస్తవం: జాగ్రత్త పడాల్సిన విషయమే. పొర కింది గాలిని లాగేసే యంత్రం, రెండు జతల గ్లవ్స్, తగిన మాస్కులు, ద్రవం చొరబడని గౌన్లు వాడతారు. ఇవి మూసిన పద్ధతిలోనూ మానకూడదు. గొట్టం ఊడితే చిందేది అదే మందు.

అపోహ: మిగిలిన గడ్డల సంగతి వేడి కీమో చూసుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ హాని చేసేది ఈ నమ్మకమే. పొట్టలో పోసిన మందు కణజాలంలోకి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. అంతకన్నా లావుగా మిగిలిన గడ్డను అది ఏమీ చేయలేదు. గంటల తరబడి నిలబడి కంటికి కనిపించే ప్రతి గడ్డనూ తీసేయడమే అసలు చికిత్స. ఫ్రాన్స్‌లో జరిగిన ప్రోడీజ్ 7 పరిశోధనలో పెద్దపేగు క్యాన్సర్ పొట్టలోకి పాకినవారికి ఆపరేషన్ మాత్రమే చేసినప్పుడు మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 41.2 నెలలు, ఆక్సాలిప్లాటిన్‌తో హైపెక్ కూడా చేసినప్పుడు 41.7 నెలలు. తేడా లేనట్టే. అందులో మందు మోతాదు కూడా పద్ధతిని బట్టి మారింది: శరీర ఉపరితలం చదరపు మీటరుకు తెరిచిన పద్ధతిలో 460 మిల్లీగ్రాములు, మూసిన దానిలో 360.

అండాశయ క్యాన్సర్ కథ వేరు. 2018లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో మూడో దశ రోగులకు, ముందు కీమో ఇచ్చి ఆ తర్వాత చేసిన ఆపరేషన్‌లో సిస్‌ప్లాటిన్ హైపెక్ జోడిస్తే, 33.9 నెలలున్న మధ్యస్థ జీవితకాలం 45.7 నెలలకు చేరింది. అక్కడ వాడింది తెరిచిన పద్ధతి.

కాబట్టి మీ వైద్యుణ్ని ముందు అడగండి: "గడ్డలన్నీ తీయగలమని మీకు నమ్మకం ఉందా? ఈ రకం క్యాన్సర్‌కు హైపెక్ వల్ల మేలు జరుగుతుందని రుజువుందా?"

అపోహ: పైపాక్ అంటే కోత లేని హైపెక్.

వాస్తవం: అది వేరే చికిత్స. 2011లో జర్మనీలో మొదలైంది. చిన్న రంధ్రాల ద్వారా మందును తుంపరగా, ఒత్తిడితో, వేడి చేయకుండా చల్లుతారు. గడ్డలు పూర్తిగా తీయడం సాధ్యం కానివారికి సాధారణంగా ఆరు వారాల వ్యవధితో మళ్లీ మళ్లీ చేస్తారు.