వేక్‌సర్ఫ్ బోర్డు లోపల ఉన్నది థర్మోకోలే

టెక్సాస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల సరస్సుల్లో వేసవి వచ్చిందంటే పడవల వెనక ఒక వింత కనిపిస్తుంది. మనిషి తాడు పట్టుకుని బోర్డు మీద లేస్తాడు, కాస్త నిలదొక్కుకోగానే తాడును పడవలోకి విసిరేస్తాడు. అయినా ఆగిపోడు, పడవ వెంటే సాగిపోతుంటాడు. ఇదే వేక్‌సర్ఫింగ్. ఆస్టిన్, డాలస్‌లలో స్థిరపడ్డ మనవాళ్లకు ఇంటికి దగ్గర్లోనే దొరికే ఆట.

బోర్డు కొనబోతే ముందు కంటపడేవి రంగూ, బొమ్మలూ, ధరా. నన్నడిగితే వాటికంటే ముందు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి: అల మనల్ని ఎంత బలంతో తోస్తుంది, బోర్డు లోపల ఏముంది.

పడవ ట్యాంకుల్లో వందల కిలోల నీళ్లు నింపుకుని గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ బరువుకు వెనక భాగం లోతుగా దిగి నీటిని పక్కకు నెట్టేస్తుంది. నెట్టిన నీరు మళ్లీ కలుసుకునేటప్పుడు అల లేస్తుంది. అది పడవతో సమానంగా ప్రయాణిస్తుంది. పడవ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే, లోతైన నీటిలో అదే వేగంతో నడిచే అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి సుమారు 16 మీటర్లు ఉంటుంది. మనిషి దాని ముందు వాలు మీద కిందికి జారుతూనే ఉంటాడు, అల అతన్ని పైకెత్తుతూనే ఉంటుంది.

ఆ వాలు 10 డిగ్రీలు అనుకుందాం. 70 కిలోల మనిషి బరువులో ముందుకు తోయడానికి పనికొచ్చేది దాదాపు 12 కిలోలే. నీళ్లు వెనక్కి లాగే బలం అంతకు మించిందా, మెల్లగా వెనకబడి అల జారవిడుచుకుంటాడు. బోర్డు ఎంపిక అంతా ఈ 12 కిలోల చుట్టూనే తిరుగుతుంది.

బోర్డు పెద్దదైతే నీటిలో తక్కువ దిగుతుంది, లాగుడు తగ్గుతుంది. అడుగున వంపు తక్కువగా ఉంటే వేగం వస్తుంది. వంపు ఎక్కువైతే సులువుగా తిరుగుతుంది కానీ వేగం పోతుంది. సముద్రంలో చేతులతో ఈదుతూ అలను అందుకోవాలి కాబట్టి అక్కడ ఆరడుగులూ, అంతకు మించిన బోర్డులూ మామూలే. ఇక్కడ ఆ పని తాడు చేసిపెడుతుంది, అందుకే నాలుగున్నర, ఐదడుగుల బోర్డు సరిపోతుంది. అంచులు మందంగా, అడుగున రెక్కల్లా ఉండే ఫిన్‌లు పెద్దవిగా ఉండే సర్ఫ్ రకం నిలకడగా పోతుంది. పలచగా, చిన్న ఫిన్‌తో ఉండే స్కిమ్ రకం పక్కకి జారుతుంది, గిర్రున తిరుగుతుంది. కొత్తవాళ్లు స్కిమ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇంట్లో అందరికీ ఒకటే కొంటుంటే బరువైన మనిషికి సరిపడేది తీసుకోండి. తేలికైనవాళ్లు పెద్ద బోర్డు మీద కూడా నేర్చుకోగలరు, బరువైనవాళ్లను చిన్న బోర్డు మోయలేదు.

పడవ విషయంలో మాత్రం రాజీ వద్దు. పడవను తోసే ప్రొపెల్లర్ వెనక బయటికి ఉంటే ఆ పడవ వెనక సర్ఫ్ చేయకూడదు, ప్రొపెల్లర్ పడవ అడుగు భాగం కిందే ఉండాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఇంజిన్ నడుస్తుండగా వెనక ప్లాట్‌ఫాం మీద ఎవరూ కూర్చోవద్దు. అక్కడ పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది.

ఇక లోపలి సంగతి. తేలికైన బోర్డుల్లో చాలావాటి గుండె థర్మోకోలే. టీవీ డబ్బాలో వచ్చేదానికి దగ్గరి చుట్టం, కాస్త గట్టి రకం. దాని మీద ఫైబర్ గ్లాస్ బట్ట పరిచి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో బిగిస్తారు. థర్మోకోల్ ఘనపరిమాణంలో నూటికి తొంభై పాళ్లకు పైగా గాలే. బోర్డుకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఆ గాలి.

టెక్సాస్ ఎండలో అద్దాలు మూసిన కారులో 70 డిగ్రీలకు చేరిన బోర్డును ఊహించండి. 25 డిగ్రీల నుంచి అక్కడికి వెళ్లేసరికి, బయటికి దారి లేని గాలి పీడనం 15 శాతం పెరుగుతుంది. అంటే అరచేయంత చోట లోపల్నుంచి సుమారు 15 కిలోల తోపుడు. పై పొర ఊడి బుడగలా లేస్తుంది. కొన్ని బోర్డులకు గాలి వదిలే చిన్న రంధ్రం పెట్టేది ఇందుకే. వేడెక్కిన బోర్డును అలాగే చల్లటి నీళ్లలో పడేస్తే మరో నష్టం. లోపలి గాలి కుంచించుకుపోయి, ఎక్కడ సన్న పగులున్నా అక్కడి నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. వేడెక్కిన బోర్డును ముందు కాసేపు నీడలో ఉంచండి.

పగులు కంటికి కనబడకపోయినా త్రాసు చెప్పేస్తుంది. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే చిన్న వేలాడే త్రాసు చాలామంది ఇళ్లలో ఉంటుంది. బోర్డు కొన్న రోజే తూచి బరువు రాసిపెట్టుకోండి. కొన్నాళ్లకు తుడిచి ఆరబెట్టి తూచినా 200 గ్రాములు ఎక్కువ చూపిస్తోందంటే, థర్మోకోల్ గింజల మధ్య సందుల్లోకి నీళ్లు చేరినట్టే లెక్క. అనుమానం ఉన్నచోట వేలితో నొక్కితే పగులు దగ్గర తడి మెరుస్తుంది.

వాడిన ప్రతిసారీ ఆరబెట్టడం సరస్సుకూ మేలే. టెక్సాస్‌లో సరస్సులను పాడుచేసే జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆలిచిప్ప మొదట 2009లో లేక్ టెక్సోమాలో బయటపడింది, 2017లో ఆస్టిన్ దగ్గరి లేక్ ట్రావిస్‌లోనూ కనిపించింది. దాని పిల్లలు కంటికి ఆనవు, తడిలో దాక్కుని ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు చేరిపోతాయి.

పగులు కనిపిస్తే ఆ రోజుకు ఆట ఆపేయాలి. పగులు కిందికి వచ్చేలా నీడలో నిలబెట్టి, పాత బరువుకు వచ్చేదాకా ఎన్ని రోజులైనా ఆరనివ్వాలి. తడి మీద వేసిన అతుకు నిలవదు. మరమ్మతు సామాను కొనేటప్పుడు డబ్బా మీద ఎపాక్సీ అని ఉందో లేదో చూసుకోండి. చవగ్గా దొరికే మరో రకం జిగురు, పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రవం ఉంటుంది. పెట్రోల్ చుక్క పడ్డ థర్మోకోల్ కుంగిపోవడం చూసే ఉంటారు, స్టైరీన్ కూడా అంతే, పగులులోంచి దిగి లోపలి గుండెను కరిగించేస్తుంది. ఎపాక్సీ వేశాక డబ్బా మీద చెప్పినంత సేపు గట్టిపడనిచ్చి, గరుకు కాగితంతో నునుపు చేసి, మరోసారి తూచి కొత్త బరువు రాసుకోండి.