ఆరు టైటిళ్ల గొడవ వెనక వోయెన్స్ రాత్రి

2025 సెప్టెంబరులో పోలండ్ రైడర్ బార్తోష్ జ్మర్జ్‌లిక్ స్పీడ్‌వేలో, అంటే మట్టి ట్రాక్ మీద సాగే బైక్ రేసుల్లో, ఆరో ప్రపంచ టైటిల్ గెలిచినప్పటి నుంచి అనంతపురం బైక్ అభిమానుల్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. న్యూజిలాండ్ ఐవాన్ మేజర్‌కూ ఆరే, స్వీడన్ టోనీ రికార్డ్‌సన్‌కూ ఆరే. మరి వీళ్లలో గొప్పోడెవరు? ఫోన్‌లో రేసులు చూసే కుర్రాళ్లది జ్మర్జ్‌లిక్ మాట. పాత జావా, యెజ్డీ బళ్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే పెద్దలది మేజర్ మాట. జావా వాళ్లు స్పీడ్‌వే బళ్లు కూడా తయారుచేశారు కాబట్టి ఆ అభిమానం ఊరికే వచ్చింది కాదు.

ఈ ఆటలో బ్రేకుల్లేని బండి, ఒకే గేరు, రేసుకు నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు. అసలు మలుపు 1994 ఆగస్టులో, డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో వచ్చింది.

అప్పటిదాకా ప్రపంచ ఛాంపియన్‌ను దాదాపు ఎప్పుడూ ఒక్క రాత్రిలోనే తేల్చేవాళ్లు. 16 మంది, ఒక్కొక్కరికి ఐదు రేసులు, గెలిస్తే 3 పాయింట్లు, చివర వస్తే సున్నా. ఆ రాత్రి రికార్డ్‌సన్, హాన్స్ నీల్సన్, క్రెగ్ బోయిస్ ముగ్గురూ 12 పాయింట్ల దగ్గర ఆగారు. ముగ్గురికీ మళ్లీ రేసు పెడితే రికార్డ్‌సన్ గెలిచాడు. ఒక్క రాత్రి ఫైనల్ అదే ఆఖరు. మరుసటి ఏడాది, సీజన్‌లో ఆరు రౌండ్ల పాయింట్లు కలిపి ఛాంపియన్‌ను తేల్చే గ్రాండ్ ప్రీ వచ్చింది, దాన్ని గెలిచింది ఎవరనుకున్నారు, నీల్సనే! సీజన్ మొత్తం చూస్తేనే అసలు మొనగాడు తేలతాడని కుర్రాళ్లు చెప్పేది ఇందుకే.

సరే, కానీ 2023 చూడండి. అదే వోయెన్స్‌లో, క్వాలిఫయింగ్‌లో వేసుకోవాల్సిన రేస్ సూట్ కాకుండా వేరేది వేసుకున్నాడని జ్మర్జ్‌లిక్‌ను డిస్‌క్వాలిఫై చేశారు, ఆ రౌండు పాయింట్లన్నీ పోయాయి. అయినా తర్వాత పోలండ్‌లోని తొరూన్‌లో టైటిల్ పట్టేశాడు. పాత పద్ధతిలో అయితే ఆ ఏడాది అక్కడితో అయిపోయేది.

మేజర్‌కు అలాంటి రెండో అవకాశం ఎప్పుడూ లేదు. 1968, 69, 70లో వరసగా మూడు గెలిచాడు, అంతకుముందు అలా ఎవరూ గెలవలేదు. అందులో 1970ది పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్‌లో, ఐదు రేసులకు ఐదూ గెలిచి 15కు 15. 1972లో లండన్ వెంబ్లీలో బెర్న్ట్ పర్సన్‌తో పాయింట్లు సమమైతే విడిగా పెట్టిన రేసులో నెగ్గాడు. 1977లో ఐదోది గెలిచాడు, మళ్లీ 1979లో, 39 ఏళ్ల వయసులో, పోలండ్‌లోనే ఆరోది. స్టార్ట్ సరిగ్గా పడకపోయినా, చైన్ తెగినా, ఎవడో అడ్డంగా పడినా ఏడాది కష్టం మట్టిలో కలిసే ఆటలో ఆరుసార్లు నిలబడ్డం మామూలు విషయం కాదు.

కుర్రాళ్ల దగ్గర 2025 ఉంది, నిజమే. ఆస్ట్రేలియా రైడర్ బ్రేడీ కర్ట్స్ వరసగా ఐదు రౌండ్లు గెలుచుకుంటూ మీదికొస్తుంటే ఆ టెన్షన్‌లో జ్మర్జ్‌లిక్ ఒక్క పాయింటుతో బయటపడ్డాడు, అదీ వోయెన్స్‌లోనే.

ఈ గొడవలో రికార్డ్‌సన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదు. 1994ది ఒక్క రాత్రి టైటిల్, మిగతా ఐదూ గ్రాండ్ ప్రీవి. ఆరేసి టైటిళ్లున్న ముగ్గురిలో రెండు పద్ధతుల్లోనూ గెలిచింది ఆయనొక్కడే.